ఆర్డర్ బుక్కులో ఒక తలుపు

అదీగాక, ఎదురుచూడటమంటే లేకపోవడమనే ఎందుకనుకోవాలి? రావలసింది ఇంకా రాలేదంటే, రావలసింది ఒకటి ఉందనేగా. వచ్చేసిన వస్తువు పని అయిపోయింది. మనసు దాన్ని ఓ మూల పడేసి పక్కకి తిరుగుతుంది. రాని వస్తువు అలా కాదు. పొద్దున్న లేవగానే గుర్తొస్తుంది, అన్నం కలుపుకుంటుంటే గుర్తొస్తుంది, దాని రంగూ నునుపూ బరువూ రోజురోజుకీ పెరుగుతుంటాయి. అందుచేత ఒక కంపెనీ చేతిలో నాలుగువందల పన్నెండు కోట్ల రూపాయల ఆర్డర్లు ఇంకా తీరకుండా ఉన్నాయంటే, నాలుగువందల పన్నెండు కోట్ల విలువైన కోరిక ఒక్కచోట పోగుపడి ఉందన్నమాట. ఇంతకన్నా గట్టి ఆస్తి ఏముంటుంది? యంత్రానికి తుప్పు పడుతుంది. టేకుకి కూడా ఎప్పుడో ఒకప్పుడు చెద పడుతుంది. కోరికకి మాత్రం...

నరహరి ఆలోచన ఇక్కడిదాకా వచ్చేసరికి ఒక మేకపిల్ల గుమ్మానికి అడ్డంగా వేసిన మంచం కిందనించి దూరి, వేలాడుతున్న దుప్పటిని తలతో తోసుకుని లోపలికి వచ్చి, అతని పడక్కుర్చీ ముందు నిలబడి, మిగతాది కూడా చెప్పమన్నట్టు చూసింది. మంచం మీద పడుకున్న కామాక్షమ్మ లేవకుండానే చేతికర్రతో దాని వీపు మీద చిన్నగా తట్టి, "పో, మీ ఇంటికి పో. నీకైనా ఓ ఇల్లుంది," అంది.

కామాక్షమ్మ నరహరికి అక్కయ్య. తునినించి రెండు రోజులుండి పోదామని వచ్చింది. వచ్చి మూడో నెల నడుస్తోంది.

నరహరి కాకినాడలో ఒక బి.ఇడి. కాలేజీలో ముప్ఫై ఏళ్ళపాటు విద్యా మనోవిజ్ఞానం చెప్పి రిటైరయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. జీవితంలో అతను కోరుకున్నదల్లా ఒక మూసిన తలుపు వెనకాల కూచుని, తన మనసులో ఏం జరుగుతోందో నిదానంగా చూసుకోవడమే. రిటైరైన ఏడాదికి ఆ తలుపుకి చెద పట్టింది. అప్పుడతను గడపశ్రీ డోర్స్ లిమిటెడ్ వారి షోరూముకి వెళ్ళి, పద్మాలు చెక్కిన టేకు తలుపొకటి చూసి, ముప్ఫై ఎనిమిది వేలూ ఒక్కసారే కట్టేశాడు. మర్నాడు కంపెనీ మనుషులు కొలతలకి వచ్చారు. పాత తలుపు ఉండగా కొలత సరిగ్గా కుదరదని దాన్ని ఊడదీశారు. ఊడదీసినదాన్ని మళ్ళీ బిగించడం మర్యాద కాదని, తగ్గింపు పథకం కింద బండిలో వేసుకుని పోయారు. కొత్త తలుపు నెలరోజుల్లో వస్తుందన్నారు. నరహరి గుమ్మానికి ఒక దుప్పటి కట్టాడు.

ఆ దుప్పటి వెనక కూచునే అతను మరో పని చేశాడు. ముప్ఫై ఏళ్ళలో గొడుగు తప్ప తన ఇష్టం మీద ఏదీ కొనని తనలాంటి మనిషి, చూసిన వెంటనే తలుపు కొన్నాడంటే, మామూలు మనుషులు ఎన్ని తలుపులు కొంటారో అని ఆలోచించాడు. ఇది అతను చేసిన మార్కెట్ పరిశోధన. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో ముప్పాతిక పెట్టి గడపశ్రీ షేర్లు కొన్నాడు. అప్పుడు షేరు ఎనభై నాలుగు రూపాయలు.

తలుపు లేని ఇంట్లో తమ్ముడు పడుకుంటున్నాడని తెలిసి కామాక్షమ్మ బస్సెక్కి వచ్చింది. వచ్చిన రాత్రే నులకమంచం గుమ్మానికి అడ్డంగా లాక్కుని, తలుపు వచ్చేదాకా ఇక్కడినించి కదలనంది. తునిలో బావగారు హోటల్లో తింటూ, రోజూ సాయంత్రం ఫోను చేసి చింతపండు ఏ డబ్బాలో ఉందని అడుగుతున్నారు. ఎన్నిసార్లు చెప్పినా మర్నాడు మళ్ళీ అడుగుతున్నారు. ఆయన అడుగుతున్నది చింతపండు గురించి కాదని నరహరికి మనోవిజ్ఞానం వల్ల తెలుసు. కామాక్షమ్మకి మనోవిజ్ఞానం లేకుండానే తెలుసు.

నెల తిరిగేలోపు మూఢం వచ్చింది. మూఢంలో ఎవరూ గుమ్మం నిలబెట్టరు, కొత్త తలుపు గడప దాటనివ్వరు. అది ముందే తెలుసు గనక, తలుపు కావలసిన వాళ్ళందరూ మూఢం రాకముందే ఎగబడి అడ్వాన్సులు కట్టేశారు. వచ్చిన ఆర్డర్లు వచ్చినట్టే ఉండిపోయాయి. ఒక్క తలుపూ గోడౌను దాటలేదు. సరిగ్గా అప్పుడే మూడు నెలల లెక్కలు బయటికొచ్చాయి. చేతిలో ఉన్న ఆర్డర్లు రెండింతలకి పైగా పెరిగాయని తేలింది. బొంబాయిలో మూఢం సంగతి తెలియని ఒక విశ్లేషణ సంస్థ ఈ అంకె చూసి, దక్షిణాది మనిషి అంతరంగంలో తలుపు కోసం ఎన్నడూ లేని తపన మొదలైందని ఇరవై ఆరు పేజీల నివేదిక రాసింది. కంపెనీ ఏడాదికి అరవై కోట్ల సరుకు అమ్ముతుంది గనక, నాలుగువందల పన్నెండు కోట్లంటే దాదాపు ఏడేళ్ళ వ్యాపారం ముందే కళ్ళకి కనిపిస్తోందని లెక్క కట్టింది. షేరు రెండువందల పదికి వెళ్ళింది.

నరహరి ఆ నివేదిక మూడుసార్లు చదివాడు. నాలుగువందల పన్నెండు కోట్లలో ముప్ఫై ఎనిమిది వేలు తనవి. ఆ అంకెలో ఎక్కడో, చివరి సున్నాల దగ్గర, తన తలుపు నిలబడి ఉంది. దేశమంతా చదువుతున్న కాగితంలో తన కోరిక కూడా అచ్చయిందన్న ఆలోచన అతనికి ఒక రకమైన సిగ్గునీ, దాని వెనకాలే ఒక రకమైన గర్వాన్నీ కలిగించింది. రెండింటినీ విడివిడిగా పరిశీలించి, గర్వమే కొంచెం పెద్దదని తేల్చుకున్నాడు.

"మూఢం వెళ్ళగానే వస్తుందిగా?" అంది కామాక్షమ్మ.

వస్తుందన్నాడు. కానీ ఆ మాట అంటూనే మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. తలుపు వస్తే ఆర్డర్ బుక్కులో ముప్ఫై ఎనిమిది వేలు తగ్గుతాయి.

మూఢం వెళ్ళింది. తలుపు బదులు ఉత్తరం వచ్చింది. "ఆర్యా, తమ ద్వారము సర్వాంగసుందరముగా సిద్ధమై యున్నది. అయితే తమ జన్మనక్షత్రము, తమ గృహము చూచు దిక్కు, తమ ద్వారమునకు వినియోగించిన వృక్షము నేలకొరిగిన తిథి, ఈ మూడును ఏకీభవించు శుభఘడియకై మా ముహూర్త విభాగము నిర్విరామ పరిశోధన సాగించుచున్నది. అంతవరకు తమ ఆర్డరు మా పుస్తకమునందు క్షేమముగా నుండునని హామీ యిచ్చుచున్నాము." కింద ముహూర్త విభాగం జనరల్ మేనేజర్ సోమశేఖర సిద్ధాంతి సంతకం, పక్కన చిన్న గుండ్రటి ముద్ర.

కామాక్షమ్మ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, చెట్టుకి కూడా జాతకం చూస్తున్నారేమిట్రా అని అడిగింది. ఆ చెట్టు బర్మాలో పడిందని, అక్కడి కాలమానం వేరు గనక లెక్క కొంచెం చిక్కుగా ఉంటుందని నరహరి వివరించాడు. వివరిస్తుంటే అది సబబుగానే తోచింది. ఏ మాటైనా తన నోటితో చెప్పగానే సబబుగా తోచడం మనసుకున్న పాత జబ్బని అతనే ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాడు. ఆ పాఠం ఇప్పుడు గుర్తుకొచ్చింది గాని, గుర్తుకొచ్చి ఊరుకుంది.

ఆ తరవాత సంగతులు చకచకా జరిగాయి. విశ్లేషకులతో ఫోనులో జరిపిన సమావేశంలో ఎవరో, ఈ ఆర్డర్లు ఎప్పటికి పూర్తిచేస్తారని అడిగారు. మేనేజింగ్ డైరెక్టర్ గారు నొచ్చుకున్నారు. కొన్ని కంపెనీలు ఆర్డర్లని కరిగించుకుని బతుకుతాయని, గడపశ్రీ మాత్రం ఆర్డర్లని నిలబెట్టి గౌరవిస్తుందని అన్నారు. ఆ మాట పేపర్లలో పడింది. వాటాదార్లు, ఆర్డర్ బుక్కు పెరిగితే షేరు పెరుగుతుందని కనిపెట్టి, తలా రెండు తలుపులు ఆర్డరు చేశారు. దక్షిణామూర్తి అని, నరహరి ఇంటి పక్కన ఉండే రిటైరైన తాసిల్దారు, తన రెండు గదుల పోర్షనుకి పదకొండు తలుపులు ఆర్డరిచ్చాడు. అన్ని తలుపులు ఎక్కడ పెడతారని కామాక్షమ్మ అడిగితే, రావుగదమ్మా అన్నాడు ధీమాగా. ఆయన ఈ మాటలు చెప్పడానికి రోజుకి నాలుగుసార్లు దుప్పటి ఎత్తుకుని లోపలికొచ్చేవాడు. తలుపు ఉంటే ఒక్కసారి వచ్చేవాడు.

మరో మూడు నెలలకి చేతిలో ఉన్న ఆర్డర్లు ఆరువందల తొంభై కోట్లు. అమ్మకాలు ఏడాదికి ముప్ఫై ఒక్క కోట్ల చొప్పుకి దిగాయి. అంటే ఇరవై రెండేళ్ళ వ్యాపారం ముందే కనిపిస్తోంది. చూపు ఇంత దూరం ఆనే కంపెనీ దేశంలో మరొకటి లేదని బొంబాయి వాళ్ళు రాశారు. షేరు మూడువందల తొంభై.

ఆ వారంలోనే తణుకులో ప్రమాదం జరిగింది. కొత్తగా చేరిన లారీ డ్రైవరొకాయన, తలుపులు లారీలో ఎక్కించారు గనక ఎక్కడో దించాలనుకుని, చీటీ మీదున్న చిరునామా ప్రకారం ఒక ఇంట్లో ఒక తలుపు దించేశాడు. గడపశ్రీ వెంటనే మార్కెట్టుకి ఒక ప్రకటన పంపింది: "తణుకు నందు సంభవించిన దురదృష్టకర సంఘటన వలన ఒక ఆర్డరు నెరవేరినదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. ఇట్టివి పునరావృతము కాకుండ చర్యలు గైకొనబడుచున్నవి." షేరు ఒక్కరోజులో నలభై రూపాయలు పడింది. కంపెనీ ప్రతినిధులు తణుకు వెళ్ళారు. ఆ ఇంటాయన అప్పటికే తలుపు బిగించుకుని లోపల గొళ్ళెం పెట్టుకున్నాడు. ప్రతినిధులు ఒకటిన్నర రోజు తలుపు తట్టారు, తోశారు, భుజాలతో గుద్దారు. తమ సరుకు ఎంత గట్టిదో వాళ్ళకి అప్పుడే మొదటిసారి తెలిసిందట. చివరికి ఆయన పాలపేకెట్ కోసం బయటికి వచ్చినప్పుడు కాళ్ళావేళ్ళా పడి, మూడింతలు సొమ్మిచ్చి, తలుపు ఊడదీసుకుని వచ్చారు. డెలివరీ నివారణ విభాగం అని కొత్తది ఒకటి తెరిచారు. షేరు తేరుకుంది.

నరహరి తణుకు మనిషి గురించి చాలాసేపు ఆలోచించాడు. ఒకటిన్నర రోజు. మూసిన తలుపు వెనకాల ఒకటిన్నర రోజు ఆ మనిషి ఎలా కూచుని ఉంటాడో ఊహించుకున్నాడు. బయట జనం అరుస్తుంటారు. లోపల నీడ, చల్లదనం, కొత్త చెక్క వాసన. ఊహించుకుంటుంటే ఛాతీలో ఎక్కడో సన్నగా నొప్పెట్టింది. అది అసూయ అని గుర్తుపట్టి, షేర్లున్న వాటాదారుడికి తలుపు కొన్న ఖాతాదారుడి మీద అసూయ ఉండటం ఆరోగ్యం కాదనుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. తూర్పు గాలి కొడితే దుప్పటి తడిసి కామాక్షమ్మ ముఖానికి అంటుకునేది. ఆవిడకి దగ్గు పట్టుకుంది. ఒకరోజు పొద్దున్న నరహరి ఉతికిన చొక్కా వేసుకుని, రసీదు జేబులో పెట్టుకుని, సామర్లకోట రోడ్డులోని గడపశ్రీ ప్రధాన కార్యాలయానికి బయల్దేరాడు. తలుపు తీసుకునే వస్తానని అక్కయ్యతో చెప్పాడు.

అక్కడ రెండు వరసలున్నాయి. ఖాతాదార్లది కింద, ఎండలో. వాటాదార్లది పైన, చల్లటి గదిలో. అక్కడ బాదంపాలు కూడా ఇస్తున్నారు. నరహరి కింది వరసలో గంటన్నర నిలబడ్డాక, లోపల కంప్యూటర్లో అతని పేరు రెండుచోట్లా ఉందని తేలింది. వెంటనే ఎవరో పరుగున వచ్చి అతన్ని పైకి తీసుకుపోయారు. సంబంధాల ముఖ్యాధికారి పినాకపాణి గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. పలచటి మనిషి, మెళ్ళో గుర్తింపు కార్డు. మాట్లాడేటప్పుడు తన మాటలు ఎక్కడైనా అచ్చవుతున్నాయేమో అన్నంత జాగ్రత్తగా మాట్లాడతారు.

"తమరు ప్రస్తుతం ఏ హోదాలో విచ్చేసినట్టు భావించమంటారు?" అన్నారాయన.

తలుపు కోసం వచ్చానన్నాడు నరహరి.

అయితే ఖాతాదారు హోదా అన్నమాట, అని పినాకపాణి గారు రాసుకున్నారు. తణుకు సంఘటన తరవాత నిబంధన ఒకటి వచ్చిందని చెప్పారు. ఏ ఖాతాదారుకైనా తలుపు ఇవ్వాలంటే, దానివల్ల నష్టపోయే వాటాదారు ఒకరు అభ్యంతరం లేదని ఒప్పుకోవాలి. సాధారణంగా అలాంటి వాటాదారు దొరకడం కష్టం. కానీ తమ విషయంలో ఆ వాటాదారు తమరే కావడం, పైగా స్వయంగా హాజరై ఉండటం కంపెనీ అదృష్టంగా భావిస్తున్నామని అన్నారు. గంట కొట్టి రెండో కుర్చీ తెప్పించి, మొదటిదానికి ఎదురుగా వేయించారు.

"ముందు ఖాతాదారు తన మనవి చెప్పుకోవచ్చు."

నరహరి ఎడమవైపు కుర్చీలో కూచుని చెప్పుకున్నాడు. తలుపు లేదని, వాన పడుతోందని, అక్కయ్యకి దగ్గని, మేక వస్తోందని, ఒంటరిగా కూచోవడానికి లేకుండా పోయిందని చెప్పాడు. బాగానే చెప్పాననుకున్నాడు. తరవాత లేచి కుడివైపు కుర్చీలోకి మారాడు. ఆ కుర్చీకి మెత్త ఉంది. కూచోగానే నడుం నిటారైంది, గొంతు లావైంది. ఎదుటి ఖాళీ కుర్చీలోకి చూస్తుంటే ఆ మనిషి మీద ముందు జాలి వేసింది, తరవాత చిరాకేసింది. అయ్యా, ఒక్క తలుపే గదా అని మీరంటారు, అన్నాడు ఆ కుర్చీతో. తణుకులో పోయింది కూడా ఒక్కటే. మీకివాళ ఇస్తే రేపు ఇంకొకరు దగ్గుతారు. మీ అక్కగారికి దగ్గైతే మందు కొనండి. ఆ మందు డబ్బులు ఎక్కడినించి వస్తాయి, ఈ షేర్లనించి కాదూ? ఏ చంటిపిల్లాడైనా మిఠాయి ఇప్పుడే తింటానంటే ఒకటి, ఆగితే రెండు అని చెప్పి, ఆగగలిగినవాడే పైకొస్తాడని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పింది మీరే గదా?

ఎడమవైపు కుర్చీ ఏమీ అనలేదు. పినాకపాణి గారు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత నిష్పక్షపాతమైన వాటాదారుని తన సర్వీసులో చూడలేదని, ఖాతాదారు మనవి తోసిపుచ్చబడినదని చెప్పి, ఓడిపోయిన పక్షానికి కూడా ఒక గ్లాసు బాదంపాలు ఇప్పించారు.

నరహరి చీకటి పడకముందే ఇంటికి చేరాడు. కామాక్షమ్మ మంచం మీద లేచి కూచుని వీధి చివరిదాకా చూస్తోంది. తలుపేదిరా అంది. ఇవ్వలేదన్నాడు. ఎవరు వద్దన్నారు అంది. నరహరి అబద్ధం చెప్పడం చేతగాని మనిషి. నేనే వద్దన్నానక్కా అన్నాడు.

ఆవిడ దగ్గు వస్తే దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుంది.

"ఒరేయ్ నరీ," అంది మెల్లగా. "పాలవాడు వచ్చి నా మంచం పట్టె మీద తడుతున్నాడు. పోస్టుమాను కాగితం తెచ్చి నా నడుం కింద దోపిపోతున్నాడు. నిన్న ఆ తాసిల్దారు, లోపలికి రావడానికి నన్ను కొంచెం పక్కకి జరపమని నీతో అన్నాడు. నాతో కాదు, నీతో. నేను మనిషినిరా. తలుపుని కాను."

ఇంకో మూడు నెలలు ఓపిక పడితే షేరు వెయ్యి దాటుతుందని నరహరి చెప్పాడు. ఆవిడ దుప్పటి వేపు తిరిగి పడుకుంది. ఫోను మోగితే తీసి, పొయ్యి పక్కన రెండో అరలో, ఎర్ర మూత డబ్బాలో, అంది. పెట్టేసింది.

ఆ రాత్రి నరహరి తన మనసులోకి చూసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా అతనికి అదే అలవాటు. ఎప్పుడు చూసినా అక్కడ ఏదో ఒకటి కదులుతూ కనిపించేది. ఈసారి రెండు కుర్చీలు కనిపించాయి, రెండూ ఖాళీగా. మిఠాయి కోసం ఆగిన పిల్లాడి గురించి పాఠం చెప్పాడు గాని, ఆగుతూ ఆగుతూ ముసలివాడైపోయిన పిల్లాడి గురించి ఏ పుస్తకంలోనూ లేదు. మార్కులు రావు గనక ఎవరూ అడగలేదు.

వార్షిక సర్వసభ్య సమావేశానికి పిలుపు వచ్చింది. వాటాదార్లు ఎక్కువైపోయి ఏ కల్యాణమండపమూ చాలక, సభ కంపెనీ గోడౌనులోనే పెట్టారు. నరహరి వెళ్ళాడు. గోడౌను ఒక రైల్వే ప్లాట్‌ఫారమంత పొడుగుంది. మధ్యలో కుర్చీలు, రెండు పక్కలా నిలబెట్టిన తలుపులు. పద్మాలు, ఏనుగులు, నెమళ్ళు, కలశాలు చెక్కిన ఏడువేల తలుపులు. ఒక్కటీ ఎక్కడికీ తెరుచుకోదు. అన్ని తలుపుల మధ్య కూచుంటే, ఏడువేల ఇళ్ళ ముందు ఒకేసారి నిలబడ్డట్టూ ఎవరూ లోపలికి రమ్మననట్టూ అనిపించింది అతనికి.

మేనేజింగ్ డైరెక్టర్ గారు మాట్లాడారు. చేతిలో ఉన్న ఆర్డర్లు వెయ్యి కోట్లు దాటాయన్నారు. చప్పట్లు. అమ్మకాలు ఏడు కోట్లకి విజయవంతంగా తగ్గించామన్నారు. మరిన్ని చప్పట్లు. ఈ లెక్కన మరో నూట నలభై ఏళ్ళ వ్యాపారం ఇప్పుడే కళ్ళ ముందుందని, అయితే ఒక చిన్న చిక్కు వచ్చిందని అన్నారు. కొందరు ఖాతాదార్లు కాలం చేస్తున్నారు. వాళ్ళతోపాటు ఆర్డర్లు కూడా పోతే పుస్తకం పలచబడుతుంది. కాబట్టి ఆర్డర్లని వంశపారంపర్యం చేస్తూ తీర్మానం పెడుతున్నామని, ప్రతి ఖాతాదారూ తన తరవాత ఎదురుచూడబోయేవారి పేరు రాసివ్వాలని కోరారు.

సోమశేఖర సిద్ధాంతి గారు లేచి, రాబోయే నూట నలభై ఏళ్ళకీ పంచాంగం గణించానని మనవి చేశారు. గురువు బాగున్నప్పుడు శుక్రుడు బాగులేడు, శుక్రుడు కుదురుకునేసరికి చెట్టు తిథి అడ్డొస్తోంది. గ్రహాలు ఇంతగా సహకరించడం తన అనుభవంలో లేదన్నారు. తరవాత వాచీ చూసుకుని, ప్రస్తుతం రాహుకాలం నడుస్తోంది గనక తీర్మానం మీద చేతులెత్తడం అది వెళ్ళాకే అన్నారు. సభ ఆగింది. కాఫీలు వచ్చాయి.

నరహరి చేతిలో కాగితం పెట్టారు. "నా అనంతరం నా ద్వారము కొరకు వేచియుండు వారు" అని ఉంది. పక్కన ఖాళీ. అతనికి అక్కయ్య తప్ప ఎవరూ లేరు. పెన్ను తీసి "కా" అని రాశాడు. రాసి ఆగిపోయాడు. అక్కయ్యకి అరవై ఎనిమిది. నూట నలభై ఏళ్ళపాటు ఆ గుమ్మంలో నులకమంచం మీద పడుకున్న కామాక్షమ్మ కళ్ళకి కట్టింది. పోస్టుమాన్లు మారిపోతున్నారు, కాగితాలు మాత్రం ఆవిడ నడుం కిందే దోపుతున్నారు.

అతను లేచి తలుపుల వరస వెంబడి నడిచాడు. ఎందుకు నడుస్తున్నాడో అతనికి తెలియదు. ఇంతవరకు ఎందుకో తెలియకుండా ఏ పనీ చేయలేదు గనక ఆ తెలియకపోవడం కొత్తగా ఉంది. వరస చివర ఒక ముసలి వడ్రంగి నూనెగుడ్డతో తలుపు తుడుస్తున్నాడు. పేరు వీరాచారి అని చెప్పాడు. అతను తుడుస్తున్న తలుపు మీద సుద్దముక్కతో రాసుంది: నరహరి, కాకినాడ, తూర్పు ముఖం.

"ఇది నాదేనండి," అన్నాడు నరహరి.

వీరాచారి గుడ్డ భుజం మీద వేసుకుని అతన్ని కిందనించి పైదాకా చూశాడు. "ఆయ్, తమరిదేనాండి. చేసి తొమ్మిది నెలలైందండి. రోజూ తుడుస్తున్నానండి. ఇక్కడ నేను చేసినవి నాలుగొందలున్నాయండి. ఒక్కటైనా ఒకళ్ళు తీసి లోపలికెళ్ళగా నేను చూళ్ళేదండి."

ఎంత బరువుంటుందని అడిగాడు నరహరి. ఒకళ్ళవల్ల కాదండి, ఇద్దరు పట్టాలండి, అన్నాడు వీరాచారి. గేటు అవతల రిక్షా బళ్ళు ఉంటాయని కూడా, అడక్కుండానే చెప్పాడు.

అప్పుడు పినాకపాణి గారు కాఫీ కప్పుతో వచ్చారు. తమరు ఇక్కడ ఏ హోదాలో నిలబడినట్టు రాసుకోమంటారని వినయంగా అడిగారు. నరహరి జవాబు కోసం లోపలికి చూసుకున్నాడు. మెత్త కుర్చీ మనిషి అప్పుడే లేచి గొంతు సవరించుకుంటున్నాడు. ఈ తలుపు గేటు దాటిన మరుక్షణం షేరు పడుతుందని, రిటైరైన డబ్బులో ముప్పాతిక దాంతోపాటే పడుతుందని, ఇంకొక్క మూడు నెలలని చెబుతున్నాడు. చెప్పేదంతా నిజమే. ఎక్కడా తప్పు లేదు. నరహరి అతన్ని చెప్పుకోనిచ్చాడు. అంత చక్కగా మాట్లాడే మనిషికి, ఇంతవరకు ఒక్క వస్తువైనా మోసిన గుర్తు చేతుల మీద లేదు.

"రాహుకాలం ఇంకా ఎంతసేపుందండి?" అని పినాకపాణి గారిని అడిగాడు.

పదకొండు నిమిషాలని, ఈలోగా ఎలాంటి శుభకార్యమూ తలపెట్టకూడదని ఆయన చెప్పారు.

నరహరి తన కాగితాన్ని ఆయన కప్పు కింద సాసరులో పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు. వీరాచారి అప్పటికే తలుపు రెండో చివరకి వెళ్ళి నిలబడి, ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు. నరహరి వంగి, కింది అంచుకి రెండు చేతులూ పట్టించి, తన వైపు కొస పైకెత్తాడు.